మస్తూరా ఫ్రిజ్ వెనక మసి

కొత్త ఫ్రిజ్ ఊరికే కొట్టేద్దామని మస్తూరా పాతదానికి తనే నిప్పు పెట్టిందట. ఈ మాట పొద్దున రొట్టెల పొయ్యి దగ్గర పుట్టి, సాయంత్రానికి మంగలి కొట్టు దాకా పాకింది. పచ్చి అబద్ధం. ఆ సంగతి నాకు తెలిసినంతగా మా కోకంద్ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. ఆ నిప్పు పట్టుకున్నది నేను.

మస్తూరా పసిపిల్లల బడిలో వంటమనిషి. ఇరవై రెండేళ్ళుగా నూరుమందికి పైగా పాలగంజి కాస్తోంది, ఒక్కరోజూ అడుగంటలేదు. భర్త ఎర్గష్‌కు చక్కెర జబ్బు. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ పొడుచుకోవాలి, ఆ సీసాలు చల్లగా ఉండాలి. అందుకే నిరుడు పెద్ద ఫ్రిజ్ కొన్నది. దుకాణంవాడు మరమ్మతు ప్లాన్ కూడా అంటగట్టాడు. మూడేళ్ళపాటు ఏం చెడినా ఒక్క ఫోన్ చాలట, మనిషి ఇంటికే వస్తాడట. ఆ కాగితాన్ని పెళ్ళి కాగితం పక్కన దాచింది పిచ్చిది.

ఫ్రిజ్ దిగిన రోజు వీధంతా చూడబోయాం. అంత తెల్లటి వస్తువు మీద అన్ని కళ్ళు పడితే చూస్తూ ఊరుకోవడమా? నేనే మూకుడులో ఇసిరిక్ ఆకు రాజేసి, దిష్టి పోయేలా చుట్టూ పొగ తిప్పాను. వెనక సందు ఇరుకు. మూకుడు కాస్త తగిలి అరచేతంత మసి అంటింది. ఎంత తోమినా పోలేదు. గోడవైపు ఎవరు చూస్తారులే అనుకున్నాం.

పద్నాలుగు నెలలు బాగానే నడిచింది. ఈ ఏడు, మాకు ఏటా నడివేసవిలో వచ్చే నలభై రోజుల ఎండలు మొదలవగానే లోపలి వెన్న కరిగి కారింది. ఫోన్ చేస్తే పాట వినిపించారు. మళ్ళీ చేస్తే కాగితం మీది అంకెలన్నీ చదివించుకుని, వారంలో వస్తామన్నారు. పదకొండో రోజున మెకానిక్ వచ్చాడు. మోటారు జోలికే పోలేదు. ఫ్రిజ్ ముందుకు లాగి, మసిని ఫోటో తీసి, నిప్పు తగిలింది కాబట్టి ప్లాన్ వర్తించదని రాసేశాడు.

"అది దిష్టి పొగ బాబూ. మీ అమ్మ మీ ఇంట్లో వెయ్యదూ?" అంది మస్తూరా.

"వేస్తుంది అపా. మా ఫ్రిజ్‌కు ప్లాన్ లేదు," అన్నాడు.

ఆ మండుటెండలో బస్సెక్కి మూడుసార్లు వాళ్ళ ఆఫీసుకు తిరిగింది. చెడింది మోటారు, మసికీ దానికీ ఏం సంబంధమని అడిగింది. సంబంధం లేదనే వాళ్ళూ ఒప్పుకున్నారట. కానీ రాసింది రాసిందేనట. మూడోసారి, ఏనాడూ గొంతెత్తని మనిషి, చేతిసంచీ బల్లమీద విసిరికొట్టింది. వరసలో నిలబడ్డ మా వీధి మహాతల్లి ఒకతె నిప్పు అన్న ముక్క పట్టుకొచ్చి, మిగతాది తనే వండి వడ్డించింది.

ఇప్పుడు ఎర్గష్ మందు నా ఫ్రిజ్‌లో ఉంటోంది. పొద్దునా సాయంత్రం వచ్చి సీసా తీసుకుని, మళ్ళీ తెచ్చి పెడుతుంది. పిన్నిని పిలిచినట్టు ఖోలా అంటుందే గానీ, నన్ను పల్లెత్తు మాట అనదు. నా పరువు కాయడానికే నింద మోస్తోందనుకున్నాను. గుమ్మడి సమోసాలు పంపాను. నిన్న ఇక ఆగలేక అడిగేశాను.

"మూకుడు నాదని ఆఫీసులో ఎందుకు చెప్పలేదే? నీ పని అయిపోయేదిగా."

మస్తూరా సీసా తీసుకుని ఫ్రిజ్ తలుపు వేసింది.

"మొదటిరోజే చెప్పాను ఖోలా. మీ పేరు, మీ ఇంటి నంబరు కూడా ఇచ్చాను. బయటివాళ్ళు చేసిన నష్టానికి ప్లాన్ అసలు వర్తించదని ఇంకో కాగితం రాసిచ్చారు."