మా అయ్య వినని సగం

మా అయ్యకు చెముడు ఎప్పుడు మొదలైందో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. మా ముత్తాతలు చెరకు పనికి ఓడెక్కి వచ్చిన ఈ దీవిలో, మాంటాన్ బ్లాంష్‌కు దగ్గర్లోని ఒక చక్కెర మిల్లులో, చెరకు పిండే రోలర్ల పక్కన ఆయన పని. కోతల కాలమంతా వాటి మోత ఆగదు. ఇంటికొచ్చాక కాసేపు మాతో అరిచి మాట్లాడేవాడు, భోజనమయ్యేసరికి గొంతు మామూలుకు వచ్చేది. తర్వాత్తర్వాత భోజనమైనా తగ్గేది కాదు. మేం దాన్ని కోపం అనుకున్నాం. ఆయనకు కోపం ఎక్కువే, నాకూ అదే వచ్చింది.

అమ్మ పత్తిని ఉండలు చేసి, కొబ్బరినూనెలో తడిపి, పొద్దున్నే ఆయన చెవుల్లో పెట్టి పంపేది. మిల్లు గేటు దగ్గర ఆయన వాటిని తీసి జేబులో వేసుకునేవాడు. పళ్ళచక్రాలు ఒరుసుకుంటే కంటికంటే ముందు చెవికి తెలుస్తుందట. పత్తి పెట్టుకున్నవాడు పనివాడే కాడని తోటివాళ్ళ లెక్క. ఉతకబోయే చొక్కా జేబులో ఆ ఉండలు దొరికినప్పుడల్లా అమ్మ తిట్టేది, ఆయన నవ్వేవాడు. చాలా ఏళ్ళకు నేను ఆయన్ని వకోవా పట్నంలో ఒక డాక్టరుకు చూపించాను. లోపలి నరం అరిగిపోయిందనీ, వినికిడి ఇక తిరిగి రాదనీ ఆ డాక్టరు అన్నాడు. ఆ మోతకు పత్తి ఒక్కటే చాలదట, చెవులు గట్టిగా మూసుకుని, మధ్యమధ్య మోతకు దూరంగా వెళ్ళి ఉంటే కొంతైనా మిగిలేదట. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది మా పని.

మిల్లు కంటే ఆయనకు పెద్ద పని ఇంకొకటి ఉంది. మా ఊరి రామభజనకు ఆయనే గురువు. శనివారం సాయంత్రం గుడిలో నిలువెత్తు దీపస్తంభం వెలిగించి, మగవాళ్ళు దాని చుట్టూ తిరుగుతూ పాడేవారు. ఆడవాళ్ళం చాపల మీద కూర్చుని అందుకునేవాళ్ళం. ప్రతి చరణంలో మొదటి సగం గురువుది, రెండో సగం అందరిదీ. ఇంట్లో మేం మాట్లాడేది ఈ దీవి భాష క్రియోల్. తెలుగు మాకు అమ్మ, అయ్య, అత్త అని పిలుచుకోవడానికీ దేవుడి ముందు నిలబడటానికీ మిగిలింది. ఆ పాటల అర్థం అడిగితే చాలామందికి తెలియదు. కాగితం మీద ఒక్కటీ లేదు, ముత్తాతల నుంచి నోటినుంచి నోటికే వచ్చాయి.

చెవులు మందగించాక అయ్య మా సగం పూర్తి కాకముందే తర్వాతి చరణం ఎత్తుకోవడం మొదలుపెట్టాడు. మొదటిసారి అంతా గందరగోళమైంది. గురువుకు తప్పు చెప్పడం మాలో లేదు. తాళాలు వాయించే పెదనాన్న ఆ వారమే ఒక ఉపాయం కనిపెట్టాడు. రెండో సగంలో మొదటి మాట మాత్రం అందుకుని ఆపేస్తే, అయ్యకు మేం అడ్డు పడం. అందరం అలాగే చేశాం. అందరికంటే చక్కగా నేనే నోరు మూశాను, ఆయన కూతుర్ని కదా. ఆయన పరువు కాపాడుతున్నామని లోలోపల గర్వపడ్డాను కూడా.

అలా ఇరవై ఏళ్ళు గడిచాయి. పెదనాన్న పోయాడు. ఆయన ఈడువాళ్ళు ఒక్కొక్కరే పోయారు. నేను వకోవాలో ఒక మేష్టారి దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకుని, సెయింట్ పియర్‌లో పిల్లలకు చెప్పసాగాను. మా దీవికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, మన పాటల్ని పుస్తకంలోకి ఎక్కించమని గుడి పెద్దలు నన్ను అడిగారు. నోటుబుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ పాటలో రెండో సగం ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. మిగతాది ఏదని అడిగితే, పాట అంతే కదా అక్కా అన్నారు. నేను గుర్తు చేసుకుందామంటే నాకూ ముక్కలు ముక్కలుగానే వచ్చింది. దుఃఖం కంటే ముందు నాకు కోపం వచ్చింది, మా అందరి మర్యాద మీద.

ఇక మిగిలింది అయ్య. ఆయన్ని అడగాలంటే, ఇన్నేళ్ళూ మేం చేసింది ముందు చెప్పాలి. నాలుగు రోజులు వాయిదా వేశాను. అయిదో రోజు పొద్దున వరండాలో, వెలుగు నా మొహం మీద పడేలా ఎదురుగా కూర్చుని, పెదవులు కనబడేలా మెల్లగా చెప్పాను.

"అయ్యా, మా పాట నీకు వినబడటం లేదని మేం మధ్యలోనే ఆపేశాం. అందరం. నేనూ."

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"మీ నోళ్ళు మూసుకోవడం నేను చూసినాను," అన్నాడు. "పనికి పోయి అలిసిపోయినారు, నా పాట విసుగొచ్చింది అనుకున్నాను. అందుకే వీత్ వీత్, గబగబా పాడేసినాను, తొందరగా ఇంటికి పోతారని."

ఆయన మా కోసం, మేం ఆయన కోసం తొందరపడ్డాం. ఎవరో ఒకరు ఆయన భుజం మీద చెయ్యి వేసి, మా సగం అయ్యాక ఒకసారి నొక్కితే సరిపోయేది. కానీ ఆయనకు వినబడదని పైకి ఒప్పుకుంటే గాని ఆ చెయ్యి వెయ్యలేం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత. మేం ఊదడమే మానేశాం. ఆ పొద్దున నాకు ఆయన మొహం చూడటానికి సిగ్గేసింది.

ఆ రోజు నుంచి ఆయన పాడేవాడు, నేను రాసేదాన్ని. సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి నన్ను తిరిగి పాడమని, నా గొంతు మీద వేళ్ళు ఆనించి, పెదవులు చూస్తూ ఉండేవాడు. చాలా పాటలు దక్కాయి. అవి ఆయన కుర్రతనంలో అందరితో కలిసి రెండో సగం పాడినవి. చివరికి, భజన ముగిసేటప్పుడు పాడే పాట ఒక్కటి మిగిలింది. దాన్ని గురువు ఇంటివాళ్ళే ఎత్తాలని ఆచారం. చిన్నప్పుడు, అప్పటి గురువు మా తాత పక్కన నిలబడ్డ నాటి నుంచీ అయ్య అందులో మొదటి సగమే పాడాడు.

"రెండోది నా నోట్లో లేదు," అన్నాడు. "నా చెవిలో ఉండేది."

మొదటి సగం మళ్ళీ ఎత్తుకున్నాడు. పాడి, నా గొంతు మీద వేళ్ళు పెట్టి, నేను అందుకుంటానని ఎదురుచూశాడు. ఈసారి ఆయన తొందరపడలేదు. నాకు పాడటానికి ఒక్క మాట తప్ప ఏమీ లేదు.