సింకులోంచి వచ్చిన ఇనుప ముక్క

మా అమ్మ అబద్ధం ఆడదు. గొప్ప కోసం చెప్పడం లేదు. చిన్నప్పుడు దీనివల్ల నేను పడ్డ అవస్థలు ఇన్నీ అన్నీ కావు. ఎనిమిదో తరగతిలో ఒకరోజు బడి ఎగ్గొట్టి, సెలవు చీటీలో జ్వరమని రాయమని కాళ్లావేళ్లా పడ్డాను. ఆవిడ రాసిచ్చింది ఇది: "మా అమ్మాయి నిన్న నిద్ర లేవలేదు. లేపినా లేవలేదు. క్షమించగలరు." టీచరు దాన్ని క్లాసంతటికీ వినబడేలా చదివింది. ఆ ఏడాదంతా నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, "లేపినా లేవలేదు" అనే పిలిచారు.

అలాంటి మనిషిని నేను అబద్ధం ఆడమన్నాను. ఆడనందుకు మూడు వారాలు సాధించాను. ఇది రాస్తున్నది ఆ సంగతి చెప్పడానికే.

మా అమ్మ ఒక పెద్ద అపార్టుమెంటులో, అయిదో అంతస్తు లాయరమ్మ ఇంట్లో తొమ్మిదేళ్లుగా వంట చేస్తోంది. అదే బిల్డింగులో కింద, లిఫ్టు పక్క బల్ల దగ్గర కూర్చుని ఫిర్యాదులు రాసుకునే ఉద్యోగం నాది. ఆ ఉద్యోగం నాకు లాయరమ్మ మాట సాయంతోనే వచ్చింది. నా చదువు చూసి ఇచ్చారని చాలాకాలం ఊళ్లో చెప్పుకున్నాను గానీ, నా చదువు సంగతి ఆ సెలవు చీటీలోనే ఉంది.

మా బిల్డింగులో ప్రతి ఇంటి సింకు కిందా చెత్త రుబ్బే మిషను ఒకటి ఉంటుంది. పళ్లేల్లో మిగిలింది సింకు కన్నంలోకి తోసి, నీళ్లు వదిలి, స్విచ్చి వేస్తే పిండి చేసి కాలవలోకి పంపేస్తుంది. బిల్డింగువాళ్లు దాన్ని బకాసురుడంటారు. నా ఫిర్యాదుల పుస్తకంలో సగం పేజీలు ఆ బకాసురుడివే. రెండో అంతస్తు వాళ్లది కొబ్బరి చిప్ప మింగింది. ఏడో అంతస్తు కొత్త దంపతులు గాజు గ్లాసు వేసి, మిషను నాసిరకమని నాతో పోట్లాడారు. తొమ్మిదేళ్లలో లాయరమ్మ ఇంటి నుంచి మాత్రం ఒక్క ఫిర్యాదూ రాలేదు. మా అమ్మ ముందు చన్నీళ్లు వదిలేది, తరవాత స్విచ్చి వేసేది, చప్పుడు పలచబడ్డాక ఇరవై లెక్కపెట్టి ఆపేది. పీచున్న తొక్కలు దాని దగ్గరికే రానిచ్చేది కాదు. చంటిపిల్లాడికైనా అంత చూసి పెట్టదు.

మిషన్లు బాగుచేసే ఆయన్ని అందరం చెవి మేస్త్రి అంటాం. ఏది చెడినా ముందు దానికి చెవి ఆనించి వింటాడు. పనితనం మంచిది, మాట మరీ మంచిది. ఏ ఇంటికి వెళ్లినా ఒకటే పాఠం: మిషను గుర్రుమని తిరక్కపోతే వెంటనే ఆపండి, చెయ్యి పెట్టకండి, పైనుంచి కదిలించాలంటే కర్ర వాడండి, ఇనుము పెట్టారో మీ ఖర్మ. ఆ పాఠం నాకూ కంఠతా వచ్చు.

ఆ రోజు పదకొండింటికి మా అమ్మే ఫోను చేసింది. మిషను గుర్రుమంటోంది, తిరగట్లేదు, ఆపేశాను, మేస్త్రిని పంపు అంది. తొమ్మిదేళ్లకి మొదటి ఫిర్యాదు కదా, చోద్యం చూద్దామని మేస్త్రి వెంట నేనూ పైకి వెళ్లాను. వెళ్లకపోయినా బాగుండేది.

మేస్త్రి ప్లగ్గు పీకి, సింకు కింద వెల్లకిలా పడుకుని చెవి ఆనించాడు. మిషను అడుగున ఉండే చిన్న గుంటలో అలెన్ కీ అనే వంకర చువ్వ పెట్టి అటూ ఇటూ తిప్పాడు. సగం తిరిగి ఎక్కడో కరుచుకుంది. లేచి, పైనుంచి టార్చి వేసి, పొడుగు పట్టకారుతో చాలాసేపు వెతికి గోరంత ఉక్కు ముక్క బయటికి తీశాడు. ఒక పక్క పలచగా, పదునుగా ఉంది. మిగతా అంచులు మిషను నమిలేసింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు చూసి, "కత్తి మొన అక్కా" అన్నాడు.

అప్పటికి లాయరమ్మ కూడా వంటింటి గుమ్మంలోకి వచ్చింది. మా అమ్మ కాదంది. తన కత్తులేవీ విరగలేదంది. మేస్త్రి నవ్వి, పాతికేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, కత్తి మొన నాకు తెలియదా అన్నాడు. మా అమ్మ సొరుగు లాగి నాలుగు కత్తులూ తీసి, గట్టు మీద వరసగా పెట్టింది. చూడండి అంది.

ఎవరూ చూడలేదు. మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. లాయరమ్మ ఫోను మోగుతోంది. ఆవిడ వృత్తే సాక్ష్యం అడగడం, అయినా అడగలేదు. నేను గడియారం చూసుకున్నాను. కింద బల్ల దగ్గర ఎవరూ లేరని నా గొడవ. అప్పుడు మా అమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెబితే అది ఇంకో అబద్ధం.

నేను ఆవిడ చెవి దగ్గరికి వంగి, "అమ్మా, చూసుకోలేదని ఒక్క మాట అనెయ్, అయిపోతుంది" అన్నాను.

మెల్లగానే అన్నాను గానీ ఆ వంటింట్లో అందరికీ వినబడింది. కూతురే అలా అన్నాక ఇంక వేరే రుజువెందుకు? లాయరమ్మ గొంతు పెంచలేదు. "మిషను పాడైతే బాగుచేయించుకుంటాం, అదేం పెద్ద విషయం కాదు. నాకు అబద్ధం మాత్రం పనికిరాదమ్మా" అంది. రేపటి నుంచి రావద్దంది. మా అమ్మ కత్తులు మళ్లీ సొరుగులో పెట్టి, పొయ్యి మీదున్నది దించి మూతపెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు వాళ్లకి మధ్యాహ్నం భోజనం లోటు రాలేదు.

ఇంటికెళ్లాక నేను ఊరుకోవాలి కదా. ఊరుకోలేదు. పొగరు కూడు పెడుతుందా అన్నాను. కళ్లు మందగించాయి, ఆ ముక్క జారిపడితే కనబడలేదు, అందులో సిగ్గేముంది అన్నాను. పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఎలాగన్నాను. కుందేలును పట్టుకున్నది నేనని అప్పుడు తోచలేదు. ఆవిడ ఒక్కసారి "నేను వెయ్యలేదే" అంది. తరవాత ఆ ఊసే ఎత్తలేదు. నేను మాత్రం రోజూ ఏదో ఒకటి అంటూనే ఉన్నాను. బిల్డింగులో అందరూ నన్నేదోలా చూస్తున్నారని నా బాధ. నిజానికి నన్నెవరూ చూడటం లేదు, ఎవరి గొడవ వాళ్లది.

పది రోజులకి ఆవిడకి ఒక హాస్టల్లో పని దొరికింది. రెండు వందల మందికి వంట. గుండిగలు దించడం, గంపల కొద్దీ కూరలు తరగడం. సాయంత్రం వచ్చి కుడి మణికట్టుకు గుడ్డ చుట్టుకుని కూర్చునేది. కంచం ఎడమచేత్తో పట్టుకునేది. అది చూసినప్పుడల్లా నాకు జాలి వేసేది, ఆ వెంటనే కోపం వచ్చేది. ఒక్క మాట అంటే ఈ పాట్లు ఉండేవి కావు కదా అని.

సరిగ్గా మూడు వారాలకి, ఒక మధ్యాహ్నం చెవి మేస్త్రి నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. మామూలుగా దూరం నుంచే ఏదో ఒక పరాచికం ఆడుతూ వచ్చే మనిషి. ఆ రోజు జేబులోంచి పొడుగు స్క్రూడ్రైవరొకటి తీసి బల్ల మీద పెట్టాడు. దాని కొసన ఒక మూల విరిగిపోయి ఉంది. ఇంకో జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. ఆ ఉక్కు ముక్క. మిషన్లలోంచి తీసినవన్నీ కొత్తగా దిగినవాళ్లకి చూపించడానికి దాచుకుంటాడు. ముక్కను స్క్రూడ్రైవరు కొసకి ఆనించాడు. మిషను నమిలిన వైపు తేడాగా ఉన్నా, విరిగిన వైపు అతికినట్టు సరిపోయింది.

జరిగింది ఇది. మిషను ఆగిపోవడానికి నెల ముందు లాయరమ్మ ఇంట్లో మామూలు తనిఖీ చేశాడు. లోపల చెత్త రుబ్బే పళ్లెం కాస్త బిగుసుకున్నట్టు ఉందట. పైనుంచి కదిలించడానికి కర్ర తేవాలంటే కిందికి దిగాలి, భోజనాల వేళ. స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తాడు. టక్కుమంటే పళ్లెం కదిలిందనుకున్నాడు. విరిగిన ముక్క పళ్లెం కింద సందులో ఉండిపోయి, నెల తరవాత పైకొచ్చి అడ్డం పడింది. మొన్న పంపుగదిలో మూత విప్పబోతే స్క్రూడ్రైవరు పట్టు జారిపోతుంటే అప్పుడు చూసుకున్నాడట. ఊరందరికీ కర్ర పాఠం చెప్పే మనిషి.

"రెండ్రోజులు దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాను తల్లీ. నాకు నిద్ర పట్టట్లేదు. పద, లాయరమ్మకి చెబుతాను" అన్నాడు.

చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. నీళ్లు నమల్లేదు, నసగలేదు, ఆ అక్క తప్పు లేదు, నాది అన్నాడు. లాయరమ్మ ఆ ముక్క చేతిలోకి తీసుకుని చూసింది. తరవాత వంటింట్లోకి వెళ్లి ఆ సొరుగు లాగింది. నాలుగు కత్తులున్నాయి. నాలుగింటికీ మొనలున్నాయి. సొరుగు మూసి వచ్చి, మీ అమ్మని మళ్లీ పనికి రమ్మని చెప్పు, కాదు, నేనే వచ్చి అడగాలి, సాయంత్రం వస్తాను అంది. మేస్త్రి కూడా వచ్చి కాళ్ల మీద పడతానన్నాడు.

నాకు ఎంత తేలికైందంటే, ఆ సాయంత్రం ఇంటికి దాదాపు పరుగెత్తాను. నా సిగ్గులేనితనం చూడండి. శుభవార్త మోసుకెళుతున్నాననే అనుకున్నాను. గుమ్మంలోంచే కేకేసి, నీ తప్పేమీ లేదని తేలిపోయిందమ్మా అన్నాను. ఆవిడ మణికట్టుకు గుడ్డ చుట్టుకుంటూ, "తేలేదేముంది, నాకు తెలుసుగా" అంది.

అయినా నేను ఆగలేదు. స్క్రూడ్రైవరు, పొట్లం, పంపుగది, లాయరమ్మ సొరుగు లాగడం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ అంతా విని, లాయరమ్మని మెట్లెక్కి రావద్దని చెప్పమంది, మోకాళ్ల నొప్పులట. సోమవారం నుంచి తనే వెళుతుందట. మేస్త్రిని ఏమీ అనొద్దంది. పాపం తనంతట తనే వచ్చి చెప్పాడు, ఎంతమంది చెబుతారు అంది.

అంత సులువుగా ఇద్దరినీ వదిలేసింది. నేను నా వంతు కోసం నిలబడ్డాను. ఆవిడ గుడ్డ ముడి వేసుకుంటోంది, ఒంటిచేత్తో పడటం లేదు. కూర్చుని ముడి వేశాను. మణికట్టు వాచి ఉంది. మూడు వారాల్లో అది నేను ముట్టుకోవడం అదే మొదటిసారి.

"మరి నన్నేమీ అనవా అమ్మా?" అన్నాను.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నా ముఖంలోకి కూడా చూడలేదు.

"వాళ్లకి నేనెవరో తెలీదే. ఒకరు చూసేది పని, ఒకరు చూసేది మిషను. నీకు తెలుసుగా" అంది.

తెలుసు. ఆ వంటింట్లో నిలబడ్డప్పుడు కూడా తెలుసు. ఈ ఒక్క మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.