ఒక్క మిల్లీమీటరు

మా బావకు ఆగడం చేతకాదు. పొయ్యి మీద గిన్నె పెడితే మూత తీసి చూస్తూనే ఉంటాడు. ఆయన చేసేది లిఫ్టుల మెకానిక్కు పని. కింద పనిచేసేవాళ్లు చాటుగా ఆయన్ని "ఇప్పుడే గారు" అని పిలుచుకునేవాళ్లు. ఎప్పుడు చేద్దాం సార్ అని ఏది అడిగినా, ఆయన నోట వచ్చే జవాబు అదొక్కటే మరి. వాళ్లు చాటుగా అనేదాన్ని నేను ఎదురుగానే అనేదాన్ని. మరదలికి ఆ మాత్రం హక్కు లేకపోతే ఎలా?

ఒకసారి ఆయన పని చూశాను. భవనం నెత్తిమీద, మోటారు ఉండే ఇరుకు గది. గ్రీజు వాసన. ఆయన ఒక గుడ్డపీలిక తీసుకుని, లిఫ్టును మోసే ఇనుప తాళ్లను ఒక్కొక్కదాన్నీ మెల్లగా తుడుస్తూ పోతున్నాడు. ఇనుప తాడంటే సన్నటి తీగలు కలిపి పేనిందే. ఎక్కడైనా ఒక తీగ తెగితే దాని కొస గుడ్డకు తగులుకుంటుంది. నిబంధనల ప్రకారం ఒకటీ అరా తీగలు తెగినా తాడు వాడుకోవచ్చు, దాని మీద ఒక కన్నేసి ఉంచితే చాలు. మా బావ నిబంధనలు వేరు. గుడ్డ తగులుకుందా, ఆ రోజే లిఫ్టు బందు. కాలిపర్స్‌తో తాడు మందం కొలిచేవాడు, మిల్లీమీటరు తగ్గినా తాళ్లన్నీ మార్పించేవాడు. పై అంతస్తుల ముసలివాళ్లు రొప్పుతూ మెట్లెక్కుతూ ఆయన్ని తిట్టిపోసేవాళ్లు. కానీ ఆయన చూసిన లిఫ్టుల్లో ఒక్కటీ జారలేదు, ఒక్క మనిషికీ చిన్న దెబ్బ తగల్లేదు. ఆయన మీద ఎంత కోపంలో ఉన్నా ఆ మాట ఒప్పుకుంటాను.

కిడ్నీలో రాయి నొప్పికని బావ ఆస్పత్రికి పోతే స్కాన్ తీశారు. రాయి దానంతటదే పడిపోయింది. అయితే ఆ స్కాన్‌లో, కడుపు వెనక దాగి ఉండే క్లోమం తోక దగ్గర, బఠాణీ గింజ కంటే కొంచెం పెద్దగా ఏదో కనిపించింది. ఇంకేవో పరీక్షలు చేసి, న్యూరో ఎండోక్రైన్ ట్యూమర్ అన్నారు. హార్మోన్లు తయారుచేసే కణాల్లోంచి పుట్టే గడ్డట. క్లోమంలో గడ్డ అనగానే మా అక్క గుండె జారిపోయింది.

పెద్ద డాక్టరమ్మ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి నిదానంగా చెప్పింది. "మీరు భయపడే క్లోమం క్యాన్సర్ ఇది కాదు. ఇది వేరే జాతి, చాలావరకు బద్ధకం జాతి. రెండు సెంటీమీటర్లు దాటినా, పెరుగుతున్నా, పక్కకు పాకినట్టున్నా, హార్మోన్లు వదిలి ఇబ్బంది పెడుతున్నా తీసేస్తాం. మీది సెంటీమీటరున్నర కూడా లేదు, ఏ ఇబ్బందీ లేదు. ఆర్నెల్లకోసారి స్కాన్ తీసి చూసుకుంటూ ఉందాం."

"చూసుకుంటూ ఉండటమంటే?" అన్నాడు మా బావ.

"చూసుకుంటూ ఉండటమే."

"ఉందని తెలిసీ ఊరికే కూర్చోవాలా?"

"ఊరికే కూర్చోవడం కూడా వైద్యమేనండీ ఒక్కోసారి," అందావిడ. మా బావకు వైద్యం చేయడం ఆవిడకింకా కొత్త.

ఆర్నెల్లు గడిచాయి. స్కాన్‌లో గడ్డ ఎక్కడిదక్కడే ఉంది. మనిషే ఎక్కడివాడక్కడ లేడు. తింటూ తింటూ చెయ్యి ఆపి కడుపు నొక్కుకునేవాడు. నేను ఆటపట్టిస్తే ముందు పదింతలు తిప్పికొట్టేవాడు, ఇప్పుడు వినపడనట్టు కూర్చునేవాడు. బట్టలు వదులయ్యాయి. చిక్కిపోయింది గడ్డ వల్ల కాదు, దిగులు వల్ల. అక్క నిదానమే ప్రధానం అంటే, ఆయన ఆలస్యం అమృతం విషం అనేవాడు.

"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా ఎందుకు తెచ్చుకోవాలి?" అన్నాడొకరోజు.

"గోరంటూ ఏదీ లేదండీ, మొదటే గొడ్డలని డాక్టరమ్మ చెప్పింది కదా!" అంది అక్క. "గెలికి గెలికి కోతిపుండు బ్రహ్మరాక్షసిని చేసుకోవద్దు. మీకు దణ్ణం పెడతా."

రెండో ఆర్నెల్ల స్కాన్ నాటికి ఆస్పత్రి మిషన్ చెడిపోయి, బయట ఇంకో చోట తీయించాల్సి వచ్చింది. అందులో గడ్డ ఒక్క మిల్లీమీటరు ఎక్కువగా వచ్చింది.

డాక్టరమ్మ రెండు ఫిల్ములూ వెలుతురుకు పెట్టి చూపించింది. "వేరే మిషన్, కొలిచింది వేరే మనిషి. ఊపిరి తీసినప్పుడల్లా కడుపులో అన్నీ కదులుతాయి. ఒక మిల్లీమీటరు తేడాని మేం పెరగడం కింద లెక్కేయం. మూడు నెలలాగి మా మిషన్ మీదే మళ్లీ తీద్దాం."

"డాక్టర్ గారూ, మా పనిలో మిల్లీమీటరు తేడా వస్తే ఆ తాడు చెత్తలోకే."

"మీరు పాత తాడు తీసి కొత్త తాడు వేస్తారు. నేను క్లోమం తోక కోసేస్తే దాని బదులు వేయడానికి నా దగ్గరేం లేదు. దాంతోపాటు ప్లీహం కూడా తీయాల్సి రావచ్చు. షుగర్ రావచ్చు. కోసిన చోటు నుంచి రసం కారొచ్చు. తిన్నది అరిగించే రసం అది. బయటికొస్తే మన కండనే అరిగిస్తుంది."

"ప్రాణం మీదికొస్తుందా?"

"చాలామందికి రాదు. కొద్దిమందికి వస్తుంది."

"ఉంచితే పాకదని మీరు హామీ ఇస్తారా?"

డాక్టరమ్మ ఫిల్ములు దించి బల్ల మీద పెట్టింది. "అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరు," అంది.

అంతే, అక్కడే తేలిపోయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషికి నాలుగో కాలు ఎవరు చూపిస్తారు? బయట వరండాలో, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా అక్క ఆయన చొక్కా పట్టుకుంది.

"మూడు నెలలండీ. నాకోసం."

"తెగిందని తెలిసిన తాడున్న లిఫ్టులోకి మనుషుల్ని ఎక్కిస్తానా?"

"తెగలేదు కదండీ!"

ఆయన చొక్కా విడిపించుకున్నాడు. నాకు ఆయన్ని నాలుగు వాయించాలన్నంత కోపం వచ్చింది. అదే సమయంలో ఆయన ఊడిన గుండీ పెట్టుకోబోయి రెండుసార్లు తప్పు కాజాలో దూర్చడం కూడా చూశాను. ఎవరి బరువో మోసే తాళ్ల దగ్గర ఏనాడూ తడబడని చేతులవి.

ఇంకో డాక్టరుతో కూడా మాట్లాడి, చివరికి డాక్టరమ్మ ఒప్పుకుంది. "ఈ భయంతో ఏళ్ల తరబడి బతకడం కూడా జబ్బులాంటిదే. తీసేయడం తప్పేం కాదు. నేనైతే ఆగేదాన్ని, అంతే," అంది. ఆవిడ్ని తప్పుపడదామని చాలాసార్లు చూశాను. పట్టు దొరకలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడో రోజుకే బావ లేచి కూర్చుని, "మరదలా, ఇక్కడి లిఫ్టు కూత విన్నావా? బేరింగులు పోయాయి, ఇప్పుడే మార్చమని చెప్పు," అన్నాడు. ఎన్నాళ్లకో నవ్వాడు. అనవసరంగా కంగారుపడ్డామని నేనూ అక్కా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

తర్వాత జ్వరం వచ్చింది. కడుపులోంచి బయటికి పెట్టిన గొట్టంలో నీరు మురికిగా రాసాగింది. రసం కారుతోందన్నారు. ఇంకో గొట్టం వేశారు. నోటికి తిండి ఆపేశారు. మనిషి రోజురోజుకూ మంచానికి అంటుకుపోతున్నాడు. నొప్పికి మందులిచ్చి పడుకోబెట్టేవాళ్లు, మెలకువ వస్తే పళ్లు కొరుక్కునేవాడు.

ఆ పరిస్థితిలో, తీసిన గడ్డ పరీక్ష ఫలితం వచ్చింది. డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ తన గదిలోకి పిలిచి తలుపు మూసింది.

"అన్నిటికంటే నెమ్మది రకం. ఎక్కడికీ పాకలేదు. తీసిన వెంటనే మేమే కొలిచాం. మొదటి స్కాన్‌లో ఎంతుందో అంతే ఉంది."

"అంటే పెరగలేదా?" అంది అక్క.

"లేదమ్మా."

"ఉంచేసుంటే?"

"ఏమీ కాకపోయే అవకాశమే ఎక్కువ." ఆవిడ రిపోర్టు మడిచింది. "ఆయనకు నేను చెప్తాను."

"వద్దండీ," అంది అక్క. "నేను చెప్తాను."

పుట్టి బుద్ధెరిగాక మా అక్క అబద్ధమాడటం నేను చూడలేదు. మంచం పక్కన కూర్చుని, ఆయన మొహం తడిగుడ్డతో తుడిచి, మామూలు గొంతుతో చెప్పింది. "రిపోర్టు వచ్చిందండీ. పెరుగుతోందట అది. ఇంకో మూడు నెలలు ఆగుంటే కాలేయానికి పాకేసేదట. మంచి టైములో తీయించారంది డాక్టరమ్మ."

ఆయన మొహంలోకి వెలుగు రావడం కళ్లారా చూశాను. తల నావైపు తిప్పాడు. "చూశావా మరి," అన్నాడు. "మీ అక్క ఆగమంది."

"నువ్వే గెలిచావు బావా," అన్నాను.

"నీకేం తెలియదని ఊరికే అన్నానా," అన్నాడు అక్కతో. అక్క తలూపింది. "నాకేం తెలుసండీ," అంది.

నేను బయటికొచ్చి, అందరూ చూస్తుండగానే నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. ఆయన మీద జాలితో కాదు. ఆ నిమిషంలో ఆయనంటే నాకు అసహ్యం వేసింది, అక్కంటే భయం వేసింది. తర్వాత రెండూ పోయాయి, దుఃఖమొక్కటే మిగిలింది.

ఆ రోజు ఆయన హాయిగా నిద్రపోయాడు. ఆ మర్నాడు పొద్దున కారుతున్న రసం లోపల ఒక రక్తనాళాన్ని తినేసింది. గొట్టం ఎర్రబడింది. నర్సులు మంచాన్నే తోసుకుంటూ పరిగెత్తారు. బావ ప్రాణంతో తిరిగి రాలేదు.

ఆయనతో పనిచేసినవాళ్లంతా ఇంటికొచ్చారు. గోళ్లలో గ్రీజు నలుపుతో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గది నిండా నిలబడ్డారు. వాళ్లలో పెద్దాయన, బావకు పని నేర్పినవాడు, అక్క ఎదురుగా కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు.

"ఇలాంటివి ముందే కనిపెట్టాలమ్మా," అన్నాడు. "ముందే తెలిసుంటే బతికేవాడు."

అక్క ఆయన చేతికి మంచినీళ్ల గ్లాసు అందించింది.

"ముందే తెలిసింది బాబాయ్," అంది. "చాలా ముందే తెలిసింది."