లోపలికి పోకముందు

మా ఇంట్లో శుభ్రానికి కొదవలేదు. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ల పాలన నడిచే రోజులు. అక్క తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పురిటి గదంటే తీట్టు, అంటే మైల. ఆ గడప దాటి బయటికొచ్చిన ప్రతి మనిషీ నెత్తిన నీళ్లు పోసుకోవాల్సిందే. నా పావడా అంచు తలుపుకు తగిలిందని నన్ను కూడా తడిపారు. లోపలికి పోయేవాళ్లను మాత్రం చేతులు కడుక్కోమన్న పాపాన ఎవరూ పోలేదు.

అక్కకు పురిటి సేవలు చేసింది మా అవ్వ, నాన్నను కన్నతల్లి. తాత కాలికి చీము పట్టిన పుండు ఉండేది. అవ్వ పొద్దున్నే ఆ చీము పిండి, కట్టు మార్చి, చేతులు కొంగుకు తుడుచుకుని నేరుగా అక్క దగ్గరికి పోయేది. అక్క ఒళ్లు తుడిచి, గుడ్డలు మార్చి, బయటికొచ్చి నిష్ఠగా స్నానం చేసేది.

అక్కకు చలిజ్వరం పట్టుకుంది. మాట తడబడింది. నాన్న పరుగెత్తి ఫ్రెంచి డాక్టరును పిలుచుకొచ్చాడు. ఆయన గడప దగ్గరే ఆగి, సబ్బు అడిగి, మోచేతుల దాకా రుద్ది కడుక్కున్నాడు. అవ్వకు తిక్కరేగింది.

"ఏందిరా ఈ దొర! పోకముందే కడగతా ఉండాడు? తీట్టు యాడుందో తెలీదా?"

ఆయనకు తెలుసు. తెలిసిన మనిషి ఆలస్యంగా వచ్చాడు, అంతే. ఆ పురిటి జ్వరానికి అప్పట్లో మందు లేదు. అక్క పోయింది. అవ్వ గుండెలు బాదుకుని ఏడ్చింది, అక్కంటే ఆమెకు ప్రాణం. ఆమెను తిట్టుకోనూ లేను, క్షమించనూ లేను.

తర్వాత సూదిమందులొచ్చాయి. ఇక భయం లేదనుకున్నాం. ఈమధ్య అక్క కూతురి మనవరాలు ప్రసవించింది. డాక్టరమ్మ చెప్పింది, కొన్ని క్రిములు ఇప్పుడు మందులకు లొంగడం లేదట. అయినదానికీ కానిదానికీ మందులు మింగి, జ్వరం తగ్గగానే సగంలో ఆపేసి, మనమే వాటిని రాటుదేల్చామట. ఇన్నేళ్లు తిరిగి తిరిగి మళ్లీ సబ్బు దగ్గరికే వచ్చాం!

అందుకే చెంబూ సబ్బూ పెట్టుకుని పురిటి గది గడప దగ్గర కూర్చున్నాను. నిన్న బిడ్డను చూడ్డానికొచ్చిన ఒక చుట్టం మొహం చిట్లించింది.

"ఇంటికి పోయి ఎట్లాగూ తలకు పోసుకుంటాం గదా పెద్దమ్మా!"

"నీ తలస్నానం ఎవురికి కావాలే? లోపల ఉండేది బాలెంత. చేతులు చాపు" అని నీళ్లు పోశాను.