రోడ్డు మీద కొబ్బరిపాల కేకు

మా ఇంట్లో ఏ తరంలోనూ పాలు కొనలేదని మా మేనత్త చెప్పేది. నల్గొండ వైపు మా ఊళ్లో, మా తాతల కోటలాంటి ఇల్లు, గడి వెనక కొట్టంలో, నలభై బర్రెలు ఉండేవట. నాకు ఊహ తెలిసేసరికి కొట్టం కూలింది, భూమి పోయింది, గడి గోడల రాళ్లు ఎవరెవరి ఇళ్లకో పునాదులయ్యాయి. హైదరాబాద్‌కు వచ్చి, మన్సూరాబాద్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో పొద్దున్నే పాల ప్యాకెట్ కత్తిరిస్తూ కూడా మేనత్త ఆ మాట మానలేదు. వీపు నిటారుగా పెట్టి కూర్చోవడం నాకు నేర్పింది ఆమే. అందుకు నేనేమీ సిగ్గుపడను.

అలాంటి ఇంట్లో నా కూతురికి పాలు పడవు. గ్లాసెడు తాగితే కడుపు పట్టుకుని మెలికలు తిరిగేది. పాలు, వెన్న, మీగడ అన్నీ మానిపించమన్నాడు డాక్టరు. ఈ సంగతి గడప దాటకూడదని మేనత్త తీర్మానించింది. మన ఇంటి పిల్లకు పాలు అరగవంటే నలుగురూ నవ్వుతారంది. నేనూ తలూపాను. ఎవరైనా పాయసం ఇస్తే పిల్లకు జలుబని చెప్పేవాణ్ని. ఏడో పుట్టినరోజుకు దిల్‌సుఖ్‌నగర్ నుంచి క్రీము కేకు తెచ్చాను. పిల్ల కోసింది, అందరికీ పంచింది, తను మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

మరుసటి ఏడాది పుట్టినరోజుకు వారం ముందే వచ్చి అడిగింది.

"బాపూ, ఈసారి కూడా నేను కోసుడేనా? తినుడు ఉండదా?"

ఉంటుందన్నాను. అన్నాక మాట తప్పేది లేదు.

అది సమ్మె కాలం. తెలంగాణ ఇచ్చేదాకా ఆఫీసు మెట్లు ఎక్కబోమని ప్రభుత్వ ఉద్యోగులమంతా బయటికొచ్చాం. నా భార్య దవాఖానలో నర్సు. పుట్టినరోజునాడు ఆమెకు డ్యూటీ పడింది. కుక్కర్లో ఇసుక పోసి, మూతకు రబ్బరూ విజిలూ తీసేసి కేకు ఎలా కాల్చాలో చెప్పింది గానీ, పాలకు బదులు ఏం వేయాలో ఆమెకూ తోచలేదు. ముందురోజే ఉద్యమం మొక్కు కింద గుడి ముందు నూటొక్క కొబ్బరికాయలు కొట్టారు. నా వంతుకు రెండు చిప్పలు వచ్చాయి. అవి పట్టుకుని కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు భార్య దగ్గరికి వెళ్లాను. వాళ్లది గోదావరి జిల్లా. ఉద్యమం మొదలయ్యాక మా నమస్కారాలు పొడిపొడిగా నడుస్తున్నాయి. కొబ్బరిపాలు ఎలా తీస్తారని అడిగాను, ఎందుకో చెప్పలేదు. ఆమె కత్తిపీట తెచ్చి కొబ్బరి కోరింది, రోట్లో వేసి నూరింది, వేడినీళ్లు పోసి గుడ్డలో పిండి చిక్కటి పాలు తీసింది.

"పిల్లకి పాలు పడవని నాకు ఎప్పుడో తెలుసండి, అన్నయ్యగారూ," అంది గుడ్డ దులుపుతూ. "ఏడాదంతా జలుబు ఎవరికుంటుంది చెప్పండి?"

నా చెవులు వేడెక్కాయి. గిన్నె తీసుకుని పైకి వచ్చేశాను.

మైదా, చక్కెర, నూనె, నిమ్మతొక్క తురుము, కొబ్బరిపాలు కలిపాను. గుడి ముందు కొట్టిన కాయ కాబట్టి గుడ్డు వేయలేదు. కుక్కర్లో ఇసుక ఇంకా వేడెక్కలేదు, స్టవ్ మంట ఎర్రబడి ఆరిపోయింది. సిలిండర్ అయిపోయింది. ఒకేరోజు రెండోసారి కింది వాటా తలుపు తట్టడం నా వల్ల కాదు. అయితే ఆ రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు ఉంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని అక్కడే తిని నిరసన తెలపడం. ఆ పొయ్యి ఎవరినీ అడగనక్కర్లేదు. అది నాది కూడా.

పిండి గిన్నె, కుక్కర్, నిమ్మకాయలు, వంటసోడా పొట్లం సంచిలో సర్దుతుంటే మేనత్త గుమ్మానికి అడ్డం నిలబడింది.

"గడిల పుట్టినోనివి, బజార్ల పొయ్యి మీద వండుతవా? నువ్వెవని మనుమడివో యాదికున్నదా?"

"యాదికున్నది అత్తా. అందుకే తలకాయ వంచకుండ పోతున్న."

ఆమె పక్కకు తప్పుకోలేదు. పిల్లను ముందు పంపి, సంచి ఒకవైపుకు తిప్పి, ఆమె పక్కనుంచే దాటాను.

చౌరస్తాలో పెద్ద పెద్ద గంజుల్లో కిచిడి ఉడుకుతోంది. వాటి పక్కన మూడు రాళ్ల మీద నా చిన్న కుక్కర్ పెట్టేసరికి అందరి కళ్లూ దానిమీదే. పొయ్యిలు చూస్తున్న ఆటో డ్రైవరు వంగి మూత చూశాడు.

"విజిల్ ఏది సారు? లాఠీచార్జిల పోయిందా?"

నవ్వారు. కేకు అని తెలిశాక ఇంకా నవ్వారు. ఉద్యమంలో కేకేంది, సారు బేకరీ పెడతాడేమో అన్నారు. జలుబు కథ మళ్లీ నోటిదాకా వచ్చింది. పిల్ల నా మొహంలోకే చూస్తోంది. లేచి నిలబడ్డాను.

"నా బిడ్డకు పాలు పడయి," అన్నాను, రోడ్డు అవతలికి వినపడేలా. "తాగితే కడుపునొప్పి లేస్తది. ఇది కొబ్బరిపాల కేకు. ఇయ్యాల తన పుట్టినరోజు. తనే తింటది."

ఉల్లిగడ్డలు కోస్తున్న ఒకామె తల ఎత్తకుండానే, మా చిన్నోనికి కూడా గంతే, తాగంగనే కక్కుతడు అంది, వాన పడుతోందని చెప్పినంత మామూలుగా. డ్రైవరు నా పొయ్యిలోంచి మండే కట్టెలు లాగేశాడు.

"గా ముచ్చట ముందే జెప్పాలె గద సారు. గింత మంటకు మాడుతది. నిప్పుల మీద పెడ్దాం."

ఇసుక కాగాక పిండిలో సోడా వేసి, రెండు నిమ్మకాయలు పిండి, గిన్నెను లోపల దించాను. ముప్పావు గంట తర్వాత మూత తీస్తే ఒకవైపు కుంగింది, అడుగు మాడింది. కానీ కట్టెల పొగను కూడా తోసుకుని నిమ్మ వాసన వచ్చింది. పిల్ల ఉల్లిగడ్డల కత్తి కడిగించుకుని కోసింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. ఒక చెయ్యి పొట్ట మీదే ఉంది. కాసేపటికి ఆ చెయ్యి తీసి నా ముందు చాపింది.

వచ్చినవాళ్లకు పెట్టాకే ఇంటివాళ్లు తినాలన్నది మా ఇంటి పద్ధతి. చుట్టూ ఇంతమంది, కేకేమో అరచేయంత. పెద్ద ముక్క కోసి ముందు పిల్ల చేతిలోనే పెట్టాను. మిగిలింది తర్వాత పంచాను. ఎవరికి అందిందో, ఎవరికి అందలేదో చూడలేదు.