సాంచాలు ఆగిన పూట

నేను బడికి పోయిన దాన్ని కాదు. ఖానాపూర్ దగ్గరి మా ఇంట్లో, పొలం పని తీరిన వేళల్లో మా బాపు పక్కన కూసోబెట్టుకొని, పూజ దగ్గరి పద్యాల పుస్తకంలో నా వేలు పట్టి చదివించిండు. ఒక్క పరీక్ష రాసింది లేదు, తప్పింది లేదు. అయినా పెండ్లయి కరీంనగర్ వైపు ఈ నేతగాళ్ల ఊరికి వచ్చినంక, ఇంటర్ చదివే ఆడపిల్లలు మా ముందరి అర్రలో కూసోని చదువుకునే భాగ్యం బాసర తల్లి నాకిచ్చింది. నేను వాళ్లకు చెప్పేదేం లేదు. చాప పరుస్త, చాయ పెడ్త, పక్కన కూసుంట.

అట్ల వచ్చిన వాళ్లలో ఎదురింటి పిల్ల ఒకతి. తండ్రి సాంచాలు నడుపుతడు. మరమగ్గాలను మా దగ్గర అట్లనే అంటరు. తల్లి ఇంట్లో బీడీలు చుడ్తది. పిల్లకు నర్సు కావాలని ఉండె. కానీ మొదటి ఏడు ఫిజిక్స్ తప్పింది. రాక కాదు. అడిగితే గడగడ చెప్తది. హాల్లో కూసుంటే చెయ్యి ఆగిపోయిందట. రెండో ఏడు పరీక్షలతో పాటు ఆ పేపర్ మళ్లా రాయాలె. ఈసారి గూడ తప్పితే బట్టలు కుట్టే కాడ పనికి పెడ్తనని తండ్రి చెప్పేసిండు. ఆ మాటలో కోపం లేదు, భయమే ఉన్నది. చదివించి చదివించి పిల్లను ఎటూ కాకుండ చేస్తనేమోనని ఆయన రంది.

సాంచాల కార్ఖానా వాళ్ల ఇంటి గోడకే ఉంటది. ఆ చప్పుడులో ఏం చదువుతది, జర నీ దగ్గర కూసోబెట్టుకో అక్కా అని వాళ్లవ్వ అడిగింది. సంతోషంగా ఒప్పుకున్న. కిటికీలు మూసిన. టీవీ బంద్ చేసిన. కుక్కర్ పెట్టుడు గూడ పిల్ల పోయినంకనే. మా ఆయనను ఫోన్ వాకిట్లో మాట్లాడుమంటే, నా ఇంట్ల నేనే దొంగ లెక్క తిరుగాలెనా అనుకుంట నవ్వి చెప్పులేసుకున్నడు.

ఇంత చేసినా పిల్లకు చదువు సాగలే. ఒక పేజీ తిప్పుతది, తలెత్తి తలుపు దిక్కు చూస్తది. మంచినీళ్లకని లేస్తది. మళ్లా కూసుంటది, మళ్లా చూస్తది. మా ఇల్లే అచ్చిరాలేదేమోనని నాకు బుగులైంది. దేవుని దగ్గర ఇంకో దీపం పెట్టిన.

ఒక శుక్రవారం ప్రసాదం పంచుకుంట కార్ఖానాకు పోయిన. పిల్ల అక్కడ నూలు మూటల మీద కూసోని, ఆ మోతలోనే పెద్దగ చదువుతుంది. ఒక్క అక్షరం తడబడుడు లేదు. అంతలో ఒక సాంచ ఆగింది. తండ్రీ బిడ్డా ఇద్దరి తలలూ ఒక్కసారే లేచినయ్. ఆయన పోయి తెగిన పోగు ముడేసిండు. సాంచ నడిచింది, పిల్ల తల మళ్లా పుస్తకంలోకి వంగింది.

పిల్లను తీసుకొని ఇంటికి వస్తుంటే, మా ఇంట్ల ఎందుకు చదువు సాగుతలేదని దారిలో అడిగిన.

"చప్పుడు ఆగిందంటే మాకు పోగు తెగినట్టే పెద్దమ్మా. పుట్టినకాన్నుంచి గంతే. మీ ఇంట్ల కూసుంటే ఏదో తెగింది, లేచి చూడాలె అన్నట్టే ఉంటది. పరీక్ష హాల్ల గూడ గట్లనే అయింది."

నేను మేలనుకొని ఇచ్చిందే ఆ పిల్లకు పరేషాన్ అయింది. అట్లని పరీక్ష హాల్లో సాంచాలు పెట్టరు గద. నాకు తెలిసింది జపం ఒక్కటే. మనసు ఎటన్న పోతే తిట్టొద్దు, మెల్లగ పిలుచుకొని రావాలె అని బాపు చెప్పేటోడు. అదే ఆమెకు చెప్పిన. ఆమె పాత ప్రశ్నపత్రం ముందట పెట్టుకొని, నేను జపమాల పట్టుకొని కూసున్నం. కొన్ని దినాలు కుదిరింది, కొన్ని దినాలు కుదరలే. వాళ్ల బాపుకు గూడ సంగతంతా చెప్పిన.

సాంచాలకు సెలవున్న రోజు ఆయనే పిల్లను కార్ఖానాకు తోలుకపోయిండు. నన్నూ రమ్మన్నడు. లోపల నూనె వాసన, గోడల మీద దూది పొట్టు, చడీచప్పుడు లేదు. గుడి చుట్టు తిరిగినట్టు బిడ్డను ఒక్కో సాంచ దగ్గరికి తీసుకపోయి, పడుగు పోగుల మీద చెయ్యి పెట్టిపిచ్చిండు.

"అన్నీ ఆగినయ్ బిడ్డా. ఒక్క పోగన్న తెగిందా?"

పిల్ల వేళ్లతోని నిమిరి చూసింది. "తెగలే బాపు."

"ఊకెనే గూడ ఆగుతయ్ ఒక్కోపారి. నువ్వు రాసుకో. నేను చూసుకుంట గద."

ఆమె ఒక చెక్క మీద కాగితాలు పెట్టుకొని రాసుడు మొదలుపెట్టింది. ఆయన స్టూల్ వేసుకొని, నడవని సాంచాలకు కాపలా కూసున్నడు. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్. అక్కడ నా అవసరం లేదని తెలిసి, దండం పెట్టుకొని ఇంటికొచ్చిన.

ఫిజిక్స్ పరీక్ష నాడు పని ఇడిసిపెట్టి వచ్చిన పిల్ల తండ్రి, నేను సెంటర్ బయట ఎండలో నిలబడ్డం. పిల్ల బయటికి వచ్చింది. ఎట్ల రాసినవని మేం అడగలే. "ఒక్కపారి తల ఎత్తిన పెద్దమ్మా," అన్నది. "మళ్ల వంచుకున్న."

పాసైంది. ఆ తల్లి దయ. ఎండకాలం పోయి వానలు పడ్డంక ఆదిలాబాద్‌లో నర్సింగ్ సీటొచ్చింది, హాస్టల్ ఉంటదన్నరు. నాది ఆ వైపు పుట్టిల్లని తండ్రి మా గడప మీదికి వచ్చి కూసున్నడు. బస్సు ఎక్కడ మారాలెనో అడిగిండు, నిర్మల్‌లో అని చెప్పిన. అక్కడ మరాఠీ మాట్లాడుతరంట గద, మనదానికి సమజైతదా అన్నడు. నేర్చుకుంటదిలే అన్న. చాయ చల్లగైంది గాని ఆయన తాగలే.

"చలి గూడ ఎక్కువనట గదక్కా. రెండు దుప్పట్లు సరిపోతయా?"

మూడు పెట్టుమన్న. ఆయన తలూపి, చాయ ఒక్క గుక్కలో తాగి, బజారు దిక్కు నడిచిండు.