పదమూడు డిగ్రీల గది

గోమతి రోజూ పొద్దున ఆరున్నరకు రెండు థర్మామీటర్లు చూస్తుంది. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. పొడిగా ఉన్నది చలి ఎంతో చెబుతుంది. రెండూ కలిపి చూస్తే గాలిలో తేమ తెలుస్తుంది. రాజపాళయం నూలుమిల్లులో దారం తెగకుండా పదకొండేళ్లు ఆమె ఈ పనే చేసింది. ఇప్పుడు ఊరి చివరి కోల్డ్ స్టోరేజీలో కాయలకు కాపలా.

తమిళుల ఆడి నెల సగంలో సేత్తూరు రైతు రామచంద్రన్ రెండు వందల పెట్టెల సప్పట్టై రకం మామిడి తెచ్చాడు. అన్నీ ముదిరిన పచ్చికాయలు. ఆడిలో పెళ్లిళ్లుండవు. తర్వాతి నెల ఆవణి రాగానే పెళ్లి విందులకు మొత్తం తీసుకుంటానని మదురైలో వంటల కాంట్రాక్టరు సెంథిల్‌కుమార్ మాటిచ్చాడు. రామచంద్రన్ తోటలో ఈ ఏటికి మిగిలిన కాపు ఇదే.

గోమతి పెట్టెలను పదమూడు డిగ్రీల గదిలో పేర్పించింది. రామచంద్రన్ లోపలికి వచ్చి గోడ తడిమి చూశాడు.

"ఏమక్కా, ఇదొక కోల్డ్ రూమా? మా ఇంటి తిన్నె దీనికన్నా చల్లగా ఉంటాది. పక్క రూములో నాలుగు డిగ్రీలు పెట్టినారు కదా, అక్కడ పెట్టు."

"అది క్యారెట్ల రూము. క్యారెట్టు కొడైక్కానల్‌లో పుట్టింది, చలికి ఓర్చుకుంటాది. మామిడి ఎండలో పెరిగింది. అంత చలికి లోపలే చెడిపోతాది."

"కాయకి జలుబు చేస్తాదా?"

"నవ్వు తమ్ముడూ, బాగా నవ్వు. పన్నెండు పెట్టెలు నీ మాట ప్రకారం అక్కడ పెడతా. తక్కినవి నా మాట."

ఎనిమిదో రోజు అతను మళ్లీ వచ్చాడు. క్యారెట్ల గదిలో కాయలు అప్పుడే కోసినట్టు పచ్చగా, గట్టిగా ఉన్నాయి. ఇవతలి గదిలో కొన్నిటికి తొడిమ దగ్గర పసుపు తిరిగింది.

"చూసినావా అక్కా! నీ రూములో మగ్గిపోతా ఉండాయి. కల్యాణాలకి ముందే కుళ్లిపోతాయి. అన్నీ ఇప్పుడే అవతలికి మార్పించు. లేకుంటే లారీ పిలిచి వేరే చోటికి కొండుపోతా."

గోమతి తాళాలగుత్తి నడుముకి దోపుకుంది. రెండు గదుల నుంచీ నాలుగేసి కాయలు తెచ్చి, ఆఫీసు బల్ల మీద వేరువేరుగా పెట్టింది.

"చలిలో ఉన్నంతవరకు ఏమీ కనబడదు. బయటి వేడి తగిలినాకే తెలుస్తాది. మూడు నాళ్లు ఆగు. నాది తప్పయితే నీ పెట్టెలన్నీ నేనే మోసి లారీ ఎక్కిస్తా."

"మాట మీద ఉంటావా?"

"మిల్లులో అడిగి చూడు."

మూడో రోజు అతను టీ కూడా తాగకుండా వచ్చాడు. బల్ల మీద గోమతి గది కాయలు పసుపెక్కి వాసన కొడుతున్నాయి. చలిగది కాయల తోలు మీద గుంటలు పడ్డాయి, వాటి చుట్టూ బూడిదరంగు మచ్చలు. ఇంకా పచ్చగానే ఉన్నాయి. గోమతి ఒకటి కోసి ముక్క చేతిలో పెట్టింది. గుజ్జు గోధుమరంగుకు తిరిగింది. రామచంద్రన్ నోట్లో వేసుకుని, కిటికీ దగ్గరికి పోయి ఉమ్మేశాడు.

"నెత్తిన పెట్టుకోవాల్సిందాన్నే తిట్టినా అక్కా."

"తిట్టింది సరే, ఆ పన్నెండు పెట్టెలు గేదెలకి కొండుపో. రూము ఖాళీ చెయ్యాల."

ఆవణి రెండో రోజు పొద్దున గోమతి పెట్టె పెట్టెకూ మూత తీసి చూసింది. ఏరివేతలో రెండు పెట్టెల కాయలు పోయాయి. మదురై లారీ ఎక్కినవి నూట ఎనభై ఆరు.